బొగ్గుతో మొదలైన పొత్తు

ఐరోపా సమాఖ్యలో నేడు 27 దేశాలున్నాయి. జనాభా సుమారు 45 కోట్లు. వీటిలో చాలా దేశాల మధ్య సరిహద్దు దాటడానికి పాస్‌పోర్టు చూపనక్కరలేదు. ఎనభై ఏళ్ల కిందట ఇదే నేల మీద ఈ దేశాల సైనికులు ఒకరినొకరు చంపుకున్నారు. మరి పగవాళ్లు ఒక గూటికి ఎలా చేరారు?

ముందుగా మ్యాపులో ఫ్రాన్స్, జర్మనీల మధ్య రైన్ నది ఒడ్డున ఉన్న ఆల్సాస్ ప్రాంతాన్ని చూడండి. 1871లో దీన్ని జర్మనీ గెలుచుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఫ్రాన్స్‌కు తిరిగి వచ్చింది. 1940లో మళ్లీ జర్మనీ చేతికి, రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి మళ్లీ ఫ్రాన్స్ చేతికి వెళ్లింది. జెండా మారిన ప్రతిసారీ బడిలో భాష కూడా మారింది. డెబ్బై అయిదేళ్లు బతికిన మనిషికి ఇల్లు కదలకుండానే నాలుగుసార్లు దేశం మారింది!

ఈ పగను ఆపడానికి ఫ్రాన్స్‌కు చెందిన జాఁ మొనే ఒక ఉపాయం ఆలోచించాడు. ఫిరంగికి ఉక్కు కావాలి, ఉక్కుకు బొగ్గు కావాలి. ఈ రెండింటినీ ఉమ్మడి సంస్థ అజమాయిషీలో పెడితే ఏ దేశమూ చాటుగా యుద్ధానికి సిద్ధం కాలేదు. 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఈ ప్రతిపాదనను ప్రకటించాడు. 1951లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ఒప్పందంపై సంతకాలు చేశాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ దేశాలు నమ్మకం కుదిరేదాకా ఆగలేదు. గట్టు తగాదా ఉన్న ఇద్దరు రైతులు ఉమ్మడి బావి తవ్వుకున్నారనుకోండి. నీళ్లు ఇద్దరికీ కావాలి కాబట్టి రోజూ మాట్లాడుకోక తప్పదు. మాట్లాడగా మాట్లాడగా నమ్మకం కుదురుతుంది. ఐరోపాలో జరిగింది అదే.

అయితే దారి నున్నగా ఏమీ లేదు. ఉమ్మడి సైన్యం ఏర్పాటు చేద్దామన్న ఒప్పందాన్ని 1954లో ఫ్రాన్స్ పార్లమెంటే తిరస్కరించింది. దాంతో మళ్లీ వ్యాపారం వైపు తిరిగారు. 1957లో రోమ్ ఒప్పందం కుదిరింది. 1968 నాటికి ఆ ఆరు దేశాలూ తమ మధ్య దిగుమతి సుంకాలు ఎత్తేశాయి. 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందంపై సంతకాలు జరిగాయి. మరుసటి ఏడాది అది అమల్లోకి రావడంతో ఐరోపా సమాఖ్య అనే పేరు వచ్చింది. 2002లో 12 దేశాల్లో యూరో నోట్లు జనం చేతికొచ్చాయి. 2004లో ఒకేసారి పది దేశాలు చేరాయి.

ఇన్ని ఉమ్మడి చేసుకున్నా, ఒక్కటి మాత్రం ఎవరూ వదులుకోలేదు. అది భాష. 1958లో ఆర్థిక సముదాయం చేసిన మొట్టమొదటి నిబంధనే భాషల గురించి. అప్పుడు అధికార భాషలు నాలుగు, నేడు 24. సుమారు అయిదు లక్షల మంది మాట్లాడే మాల్టీస్‌కూ ఆ హోదా ఉంది. పౌరుడు వీటిలో ఏ భాషలో ఉత్తరం రాసినా సమాఖ్య సంస్థలు అదే భాషలో జవాబివ్వాలి. ఇందుకోసం వేలమంది అనువాదకులు, దుబాసీలు పనిచేస్తున్నారు. ఐరోపా పార్లమెంటు ముఖ్య సమావేశాలు జరిగే స్ట్రాస్‌బర్గ్ నగరం ఆల్సాస్‌లోనే ఉంది. ఒకప్పుడు బడిలో భాషలు మార్చిన ఆ ఊళ్లో ఇప్పుడు ఫ్రాన్స్ సభ్యులూ జర్మనీ సభ్యులూ ఎవరి భాషలో వారు మాట్లాడుతున్నారు.

పరీక్షల్లో చాలామంది తడబడే విషయం ఒకటుంది. ఐరోపా సమాఖ్య ఒక దేశం కాదు. సభ్య దేశాలకు వేర్వేరు సైన్యాలున్నాయి. విదేశాంగ విధానం, పన్నుల వంటి విషయాల్లో సాధారణంగా అందరూ ఒప్పుకోవాలి. ఒక్క దేశం కాదన్నా పని ఆగుతుంది. పైగా బయటకు వెళ్లే హక్కు ఉంది. 2016 ప్రజాభిప్రాయ సేకరణ తరువాత బ్రిటన్ 2020 జనవరి 31న వెళ్లిపోయింది. మన రాజ్యాంగం ఏ రాష్ట్రానికీ విడిపోయే హక్కు ఇవ్వలేదు. కాబట్టి రెండు చోట్లా ‘యూనియన్’ అనే మాటే ఉన్నా, అర్థం ఒకటి కాదు.

ఆలోచించండి:

1. ఉమ్మడి సైన్యం కుదరని చోట ఉమ్మడి బొగ్గు, ఉక్కు ఎందుకు కుదిరాయి?

2. అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం అన్న నియమం వల్ల చిన్న దేశానికి కలిగే మేలేమిటి? సమాఖ్యకు కలిగే ఇబ్బందేమిటి?

3. ఒకే భాష పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది. అయినా 24 భాషలు ఎందుకు ఉంచుకున్నారు?