సంతలెక్కయు బడిలెక్కయు

బేతమంగళ పరిసరములలోని రైతుబిడ్డలు పలువురు టమోటా పెట్టె వెలను తడుముకొనక నోటితో చెప్పగలరు. వారిలోనే కొందరు పరీక్షలో గుణకారము చూచి కలము దించివేయుదురు. "మా వానికి లెక్కలు రావు" అని తలిదండ్రులు నిస్పృహ చెందుదురు. ఆ మాట నిజమేనా యని మనము విచారింపవలసియున్నది.

1985లో ప్రకటితమైన యొక పరిశోధనలో తెరెజిన్యా కరాహర్ మున్నగువారు బ్రెజిల్ దేశమందలి రెసీఫె నగరమున సరకులమ్ము ఐదుగురు పిల్లలను పరీక్షించిరి. అంగడియొద్ద అడిగిన లెక్కలలో నూటికి 98 సరియైనవి. ఆ లెక్కలనే వట్టి అంకెలుగా నిచ్చినప్పుడు నూటికి 37 మాత్రమే సరిపోయినవి. 2025లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మున్నగువారు కోల్‌కతా, ఢిల్లీ బజారులలో పనిచేయు పిల్లలయందును ఇట్టి యంతరమునే ప్రకటించిరి. బడిలెక్కలలో మెరుగైన పిల్లలు బజారులెక్కలలో తడబడుటయు వారు చూచిరి. కావున లోపము తెలివిలో లేదు. రెండు లెక్కలకును పొత్తు కుదరకపోవుటలోనే యున్నది.

ఆ పొత్తు నెట్లు కుదుర్పవలెను? కిలో 24 రూపాయలు, పెట్టెలో 15 కిలోలు అనుకొందము. "పది కిలోలకు 240, ఐదింటికి అందులో సగము 120, వెరసి 360" అని బాలుడు నోటితో లెక్కించును. పుస్తకపద్ధతిలో మొదటి వరుస 120, అనగా ఐదింటి వెల. రెండవ వరుసలో 24ను ఒక స్థానము ఎడమకు జరిపి వ్రాయుదుము. ఏల? అది పదింటి వెల, అనగా 240 గనుక. రెండు పద్ధతులును ఒక్కటే; వరుస మాత్రమే మారినది.

ఈ కారణమును ఇంటిభాషలో చెప్పిన బిడ్డకు సులువుగా బోధపడును. "ఇరువదినాలుగు" అను మాటలోనే పదుల స్థానము, ఒకట్ల స్థానము వినబడుచున్నవి. కన్నడదేశమున తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గణితమునకు మన భాష చాలదనుట సరికాదు.

తలిదండ్రులారా! లెక్క తప్పినప్పుడు కోపింపక, "ఎట్లు చేసితివి నాయనా, చెప్పుము" అని అడుగుడు. విద్యార్థులారా! సంతలో నోటితో చేసిన లెక్కను నోటుపుస్తకములో వ్రాయుడు. పుస్తకములోని గుణకారమునకు సంతబేర మొకటి కల్పింపుడు. దినమునకొక లెక్క చాలునని మా మనవి.