చలిప్రాంతపు ఆర్కిడ్లు: ఇంటివద్ద పెంపకము, పూయించు విధానము

“ఆర్కిడ్ మొక్క ఆకులు ఏపుగా పెరిగి నిగనిగలాడుచున్నవి. మూడేండ్లయినను పూయలేదు. ఏ ఎరువు వేయవలెను?” రైతు సోదరులు, సోదరీమణులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఇది. దీనికి ఏ ఎరువును జవాబు కాదు. చలిప్రాంతపు ఆర్కిడ్ పూయుటకు చల్లని రాత్రులు కావలెను. అవి లేనిచోట ఎంత పోషణ చేసినను ఆకులే గాని పూలు రావు. కనుక మొక్క కొనుటకు ముందు మీ ఊరి రాత్రులను కొలిచి చూచుకొనవలెను. ఆ కొలత తీయు పద్ధతియు, రాత్రులు అనుకూలించినచోట మొక్కను పెంచి పూయించు విధమును ఈ పాఠములో తెలుపుచున్నాము.

మొక్క స్వభావము

చలిప్రాంతపు ఆర్కిడ్లలో ముఖ్యమైనది సింబీడియం. దీని పెద్దపూల జాతులు హిమాలయ సానువులలోను, మయన్మారు కొండలలోను సహజముగా పెరుగును. ఇప్పుడు తోటలలో కనుపించునవి చాలవరకు ఈ జాతులను సంకరపరచగా వచ్చినవి. ఇంగ్లండులోని వీచ్ నర్సరీవారు ఎబర్నియం, లోవియానం అను రెండు జాతులను కలిపి తీసిన మొదటి సంకరము 1889లో పూచినది. మన దేశములో సిక్కిం, డార్జిలింగు, కాలింపాంగ్, అరుణాచల ప్రదేశ్ కొండలు సింబీడియం పెంపకమునకు పేరుపొందినవి. సిక్కింలోని పాక్యాంగ్ వద్ద 1996లో జాతీయ ఆర్కిడ్ పరిశోధనా కేంద్రము నెలకొల్పబడినది.

ఆర్కిడ్లు చెట్లపై పెరుగుట చూచి, అవి బదనికవలె చెట్టు రసమును పీల్చునని కొందరు తలంతురు. అది నిజము కాదు. ఆర్కిడ్‌కు చెట్టు ఆసరా మాత్రమే. సింబీడియం జాతులలో కొన్ని చెట్టు తొర్రలలోను, కొన్ని రాళ్ళపై చేరిన ఆకుకుళ్ళులోను పెరుగును. దాని వేళ్ళు లావుగా, మెత్తగా ఉండి తేమతోపాటు గాలినికూడ కోరును. మొదట ఉల్లిగడ్డవలె ఉబ్బిన కాండములు వరుసగా ఏర్పడును. ప్రతి ఏట ప్రక్కనుండి క్రొత్త పిలక వచ్చి, ముదిరి, మొదటివద్ద పూకాడను తీయును. ఒకసారి పూచిన ఉబ్బుకాండము మరల పూయదు. కాబట్టి ఈ ఏటి పిలక ఎంత బలముగా ఎదిగిన, రాబోవు పూత అంత బాగుండును.

పూతకు చలి ఎందుకు?

మామిడితోట గలవారు ఇట్టి సంగతిని ఇదివరకే ఎరుగుదురు. చలికాలపు రాత్రులు చక్కగా చల్లబడిన ఏట మామిడి నిండుగా పూయును. వెచ్చగా గడచిన ఏట పూతకు బదులు చిగురు వచ్చును. సింబీడియంకు ఇంతకంటె ఎక్కువ చలి, అదియు మరి కొంత ముందుగా కావలెను. వర్షాకాలము చివరినుండి కొన్ని వారములపాటు రాత్రి ఉష్ణోగ్రత 10 నుండి 15 డిగ్రీల సెంటీగ్రేడు మధ్యకు దిగవలెను. పగటికిని రాత్రికిని సుమారు 10 డిగ్రీల భేదము ఉండుట మంచిది. ముదిరిన పిలక మొదటనున్న మొగ్గ పూకాడగా మారుటకు ఈ చల్లదనమే ప్రేరణ.

మరియొక కారణముకూడ కలదు. పగలు ఆకులు తయారుచేసిన ఆహారములో కొంత రాత్రి శ్వాసక్రియకు ఖర్చగును. రాత్రి వెచ్చనైనకొలది ఈ ఖర్చు పెరుగును. చల్లని రాత్రులలో ఆహారము మిగిలి కాండమున నిలువ చేరును. పూకాడకు కావలసిన బలము ఈ నిలువనుండియే వచ్చును.

నేను చేసిన పొరపాటు

కొన్నేండ్ల క్రితము కాలింపాంగ్‌లో ఒక ఇంటివారు తమ పెరటిలోని సింబీడియం గుబురును నా యెదుటనే రెండుగా విడదీసి, ఒక సగమును నాకిచ్చిరి. ఆ ఊరు సుమారు 1,250 మీటర్ల ఎత్తున ఉన్నది. నేను నా సగమును కృష్ణాతీరమునకు తెచ్చి, వారు వాడిన మిశ్రమమునే కూర్చి, నీడలో పెంచితిని. రెండేండ్లు ఆకులు చక్కగా పెరిగినవి, పూత లేదు. మూడవ ఏట భాస్వరము ఎక్కువగా గల ఎరువును మోతాదు మించి వేసితిని. ఆకుల కొనలు మాడినవి. నాలుగవ వేసవిలో వేళ్ళు కుళ్ళి మొక్క చనిపోయినది. ఈ నాలుగేండ్లును కాలింపాంగ్‌లోని సగము పూచుచునే ఉన్నది. మొక్క ఒకటే, మిశ్రమము ఒకటే. రాత్రులు మాత్రము వేరు. వ్యవసాయశాస్త్రము బోధించు నేనే ముందుగా రాత్రి ఉష్ణోగ్రత చూచుకొనక మోసపోతిని. మీ కష్టార్జితము అట్లు పోరాదని ఈ సంగతి వ్రాయుచున్నాను.

చలికాలములో పట్నములలో పూకాడలతో అమ్మకమునకు వచ్చు మొక్కలను చూచి, “ఇచ్చటకూడ పూయుచున్నది గదా” అని అనుకొనవద్దు. ఆ పూకాడలు కొండలపైననే మొదలైనవి. కొన్న ఏడు పూచి, తరువాత పూయకపోవుటకు కారణమిదియే.

మీ ఊరు తగునా? కొలిచి చూడుడు

మొదట మొక్కను గాక, ఆనాటి కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను చూపు థర్మామీటరును కొనుడు. మొక్కలు పెట్టదలచిన చోటనే, నీడలో, కుండీ ఎత్తున వ్రేలాడదీయుడు. ఎండ తగులు గోడకు కొట్టరాదు. ఒక ఏడాది ప్రతి ఉదయము అంకెలను నోటు పుస్తకములో వ్రాయుడు. తరువాత ఇట్లు నిర్ణయించుకొనుడు.

1. సెప్టెంబరు చివరినుండి నవంబరు లోపల కనీసము ఐదారు వారములు రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, అంతకు తక్కువగా ఉండి, వేసవిలో నీడనగల పగటి వేడి 30 డిగ్రీలకు అటునిటుగా ఉన్నచో సింబీడియంను ప్రయత్నింపవచ్చును.

2. ఇట్టి చలి నవంబరు, డిసెంబరు, జనవరి నెలలలో మాత్రమే వచ్చు చోట డెండ్రోబియం నోబిలే మేలు.

3. చలికాలములోకూడ రాత్రులు 18 డిగ్రీలకు పైననే ఉండుచోట ఈ రెండును వలదు.

విజయవాడ, గుంటూరు ప్రాంతములలో అక్టోబరు రాత్రులుకూడ సాధారణముగా 20 డిగ్రీలకు పైననే ఉండును. హైదరాబాదులో డిసెంబరు, జనవరి నెలలలో చలి వచ్చినను, అది ఆలస్యముగా వచ్చి త్వరగా పోవును. వెనువెంటనే ఎండలు ముదురును. అరకు, చింతపల్లి, లంబసింగి వంటి మన్యపు ఎత్తు ప్రాంతములలో చలి బాగుగానే ఉండును. అయినను అచ్చటి రైతులు ఒక్కసారిగా అప్పుచేసి పెద్ద నీడవలలు వేయరాదు. ఐదారు కుండీలతో రెండు చలికాలములు పరీక్షించి, పూత చూచిన పిమ్మటనే పెంచుకొనవలెను. లంబసింగిలో కొన్ని రాత్రులు పొగమంచు గడ్డకట్టునంతటి చలి వచ్చును. అట్టి రాత్రులలో కుండీలను వసారాలోనికి చేర్చవలెను.

కుండీ, మిశ్రమము

సింబీడియంకు లోతైన కుండీ మంచిది. అడుగున రంధ్రములు ధారాళముగా ఉండవలెను. కుండీ మొక్కకు మరీ పెద్దది కారాదు; రెండేండ్ల పెరుగుదలకు చాలునంత చోటున్న చాలును. వట్టి తోటమట్టిని ఎన్నడును వాడరాదు. కొబ్బరి డొక్కల ముక్కలు, బొగ్గు, ఇటుక ముక్కలు, బాగుగా మాగిన ఆకుమట్టి కలిపి వాడవలెను. కొబ్బరి డొక్కలలో ఉప్పు, వగరు ఉండును గనుక, వాటిని ముందుగా కొన్ని రోజులు నీటిలో నానబెట్టి, నీటిని మార్చుచు కడుగవలెను. నీరు పోసినవెంటనే అడుగునుండి కారిపోయి, ముక్కలలో చెమ్మ మాత్రము మిగిలియుండుట సరియైన మిశ్రమమునకు గుర్తు.

వెలుతురు, నీరు, ఎరువు

ఎండను సగము ఆపు నీడవల చాలును. ఆకులు లేత పసుపుపచ్చ కలసిన ఆకుపచ్చగా ఉన్న వెలుతురు సరిపోవుచున్నదని అర్థము. ముదురు పచ్చగా నిగనిగలాడు ఆకులను చూచి మురియరాదు. వెలుతురు చాలలేదనుటకు అది గుర్తు. అట్టి మొక్క చలియున్నను సరిగా పూయదు.

ఆర్కిడ్ వేళ్ళు ఉప్పును సహింపవు. వాననీరు పట్టి నిలువచేసి వాడుట ఉత్తమము. కుండీ అంచున తెల్లని పొర కట్టుట, ఆకుకొనలు నల్లబడుట ఉప్పు చేరినదనుటకు చిహ్నములు. అప్పుడు కుండీలో మంచినీటిని ధారగా పోసి కడుగవలెను. పిలకలు ఎదుగు వేసవి, వర్షాకాలములలో మిశ్రమము పూర్తిగా ఆరకుండ నీరు పోయవలెను. చలికాలములో తగ్గింపవలెను గాని, ఎండబెట్టరాదు.

పిలకలు ఎదుగునపుడు 19:19:19 నీటిలో కరగు ఎరువును లీటరుకు 1 గ్రాము చొప్పున పదిరోజులకొకసారి పోయవచ్చును. మోతాదు పెంచుటకంటె పలుచగా పలుమార్లు పోయుట మేలు. ఆగస్టు చివరినుండి నత్రజని తగ్గించి, పొటాష్ పాలు పెంచవలెను.

పూకాడ వచ్చినప్పుడు

ఉబ్బుకాండము మొదట మొలక కనుపించినప్పుడు అది పిలకయో పూకాడయో తెలియక పలువురు తికమకపడుదురు. పూకాడ గుండ్రముగా, బొద్దుగా, కొన మొనతేలి ఉండును. పిలక కొంచెము చదునుగా ఉండి త్వరలో ఆకులుగా విచ్చుకొనును. పూకాడకు సన్నని వెదురుబద్దను ఊతగా కట్టి, అది ఎదుగుచున్నకొలది మెల్లగా కట్లు మార్చవలెను. ఈ కాలమున కుండీని త్రిప్పరాదు. త్రిప్పిన కాడ వంకరపోవును. మొగ్గలు కట్టిన తరువాత వేడి తగిలినచో పసుపుపడి రాలిపోవును. చల్లగా ఉంచిన మొక్కమీద పూలు ఆరు నుండి ఎనిమిది వారములు నిలుచును.

డెండ్రోబియం నోబిలే

ఇది సిక్కిం రాష్ట్రపుష్పము. చెరకుగడవలె కణుపులున్న కాండములు కలది. వేసవి, వర్షాకాలములలో నీరు, ఎరువు బాగుగా కోరును. కాని అక్టోబరులో ఎరువు పూర్తిగా మాన్పి, నీటిని బాగా తగ్గించి, వెలుతురు, చలి తగులుచోట ఉంచవలెను. కాండములు ముడుచుకొనకుండుటకు అప్పుడప్పుడు కొద్దిగా తడిపిన చాలును. కణుపులవద్ద మొగ్గలు స్పష్టముగా కనుపించిన పిమ్మట మరల నీరు పెంచవలెను. మొక్కపై జాలిపడి చలికాలములోకూడ నీరు, నత్రజని పోసినచో, పూలు రావలసిన కణుపులనుండి చిన్న మొక్కలు పుట్టును. పూలు పోయి పిల్లమొక్కలు వచ్చినచో, అది ఎక్కువ పోషణవలన కలిగిన నష్టమని గ్రహింపుడు.

విభజన, తెగుళ్ళు

రెండు మూడేండ్లకొకసారి, పూత ముగిసిన వెంటనే కుండీ మార్చవలెను. గుబురును విడదీయునపుడు ఒక్కొక్క భాగమున మూడు, నాలుగు ఉబ్బుకాండములైనను ఉండవలెను. ఒంటి కాండముగా విడదీసిన మొక్క పూతకు రావలెనన్న కొన్నేండ్లు పట్టును. ఒక మొక్కను కోసిన కత్తిని మంటలో కాల్చి చల్లార్చినగాని రెండవ మొక్కను కోయరాదు. సింబీడియం మొజాయిక్ వైరసు కత్తిద్వారా వ్యాపించును. సోకిన మొక్కకు మందు లేదు. ఈ వైరసు బాధ తప్పించుటకై ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు జార్జ్ మొరెల్ సింబీడియం మొలకకొనలోని కణజాలమును గాజుపాత్రలలో పెంచి శుభ్రమైన మొక్కలను తీసి, ఆ విధానమును 1960లో ప్రకటించెను. నేటి టిష్యూకల్చర్ మొక్కలకు దారి చూపినది ఆ కృషియే.

ఎర్రనల్లి, పొలుసుపురుగు ఆకుల అడుగున చేరును. తడిబట్టతో తుడుచుచుండిన ఆదిలోనే అణగును. లేత పూకాడలను నత్తలు తినును. రాత్రివేళ దీపముతో వెదకి ఏరివేయవలెను. మొగ్గలపై పేనుబంక కనుపించిన నీటితో కడుగవలెను. వేరుకుళ్ళు సాధారణముగా నీరు నిలిచినందువలన వచ్చును.

మొక్కలు ఎచ్చట తేవలెను?

అడవులలోని ఆర్కిడ్లను పెరికి తేరాదు. నీలి వాండా, పాఫియోపెడిలం జాతులు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షింపబడినవి. అడవినుండి తెచ్చిన మొక్క ఇంటివద్ద బ్రతుకుటయు అరుదు. నమ్మకమైన నర్సరీలో టిష్యూకల్చర్ మొక్కలను కొనుడు. ఎన్నేండ్ల మొక్కయో, మొదటి పూతకు ఇంక ఎంతకాలము పట్టునో అడిగి తెలిసికొనుడు.

మైదానపు రైతులు నిరాశపడనక్కరలేదు. వెచ్చని రాత్రులలో పూయు డెండ్రోబియం సంకరములు, వాండాలు, మొకారాలు కలవు. సింబీడియంలోనే అలోయిఫోలియం అను చిన్నపూల జాతి మన తూర్పు కనుమలలో సహజముగా పెరిగి, వేడికి ఓర్చుకొనును. ఊరికి తగిన పైరును ఎన్నుకొనుట సేద్యములో మొదటి పాఠము. ఆర్కిడ్లకును అదియే వర్తించును. ఈ చలికాలము థర్మామీటరు అంకెలు వ్రాసికొనుడు. వచ్చు ఏట మొక్క కొనవలెనో వలదో ఆ నోటు పుస్తకమే మీకు తెలుపును.