పాత థర్మల్ ప్లాంటు స్థలంలో సోలార్ సరిపోతుందా?

ప్రశ్న: పాల్వంచలోని కేటీపీఎస్ థర్మల్ ప్లాంటులో పాత యూనిట్లు మూతపడ్డాయి, 2024లో కూలింగ్ టవర్లూ కూల్చేశారు. ఇలాంటి చోట సోలార్ పెడితే పోయిన కరెంటంతా మళ్లీ వస్తుందా?

జవాబు: అంతా రాదండీ. 100 మెగావాట్ల సోలార్ ఏడాది సగటున ఇచ్చేది పాతిక మెగావాట్లకు మించదు. రాత్రికి బ్యాటరీలో, పంప్డ్ స్టోరేజీయో తోడుండాలి.

అయినా పాత స్థలం విలువ తక్కువేం కాదు. స్విచ్‌యార్డు, హైటెన్షన్ లైన్లు, నీళ్లు అక్కడే సిద్ధంగా ఉంటాయి. రామగుండంలో ఎన్టీపీసీ తన రిజర్వాయరు మీదే 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు పెట్టింది, 2022 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది.

ముఖ్యంగా జనరేటరును తుక్కు కింద అమ్మేయకూడదు. టర్బైన్‌ను విడదీసి, జనరేటరులోని బరువైన రోటరును గ్రిడ్ కరెంటుతోనే తిప్పుతూ ఉంచితే వోల్టేజి నిలబడుతుంది. ఎక్కడైనా పెద్ద యూనిట్ ట్రిప్పయినా ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి ఒక్కసారిగా జారిపోదు. దీన్నే సింక్రనస్ కండెన్సర్ అంటారు. కూల్చివేతకు టెండరు పిలిచాక ఈ ఆలోచన వచ్చి లాభం లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మనుషుల సంగతి. బొగ్గు దించే చోట, బూడిద ఎత్తే చోట పనిచేసే కాంట్రాక్టు కార్మికులందరికీ సోలార్‌లో పని దొరకదు. బ్రిటన్ 2015లోనే బొగ్గు కరెంటుకు గడువు ప్రకటించి, 2024 సెప్టెంబరు 30న చివరి ప్లాంటు రాట్‌క్లిఫ్‌ను మూసింది. మన దగ్గరా మూసివేత తేదీ కనీసం ఐదేళ్ల ముందే చెప్పాలి, శిక్షణా వేరే పనీ ఆలోపే చూపించాలి.