నీటికి నేల ఇచ్చిన గుణం

పాఠ్యభాగ ఉద్దేశం : నీటి కాఠిన్యానికి గల కారణాలను, గృహోపకరణాలపై దాని ప్రభావాన్ని, దానిని ఎదుర్కొనే మార్గాలను ఆదిలాబాద్ ప్రాంతం ఆధారంగా తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

ఉత్తర తెలంగాణలో చలికీ, ఎండకూ సమానంగా పేరుపడిన పట్టణం ఆదిలాబాద్. శీతకాలంలో రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పడిపోయిన సంవత్సరాలున్నాయి. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరిన రోజులూ ఉన్నాయి. అందువలన ఇక్కడి ఇళ్లలో పుష్యమాసంలో గీజరు, వైశాఖంలో కూలరు విలాస వస్తువులు కావు. ఒకటి నీటిని కాచేది, మరొకటి నీటిని ఆవిరి చేసేది. పనులు వేరైనా, బోరు నీటితో నడిచే ఇంట ఈ రెండింటినీ పీడించే రుగ్మత ఒక్కటే. గీజరు కడ్డీకి గారవలె అంటుకొనే పెచ్చులోనూ, కూలరు గడ్డిపై తెల్లగా పేరుకొనే పొరలోనూ ఉన్నది ప్రధానంగా సున్నపు పదార్థమే. తేటగా కనిపించే నీటిలోనికి ఈ సున్నం ఎక్కడి నుండి వచ్చింది?

సమాధానం కాలి కింది నేలలోనే ఉంది. ఆదిలాబాద్ ప్రాంతంలో సున్నపురాయి పొరలు విస్తారంగా ఉన్నాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు వీటిని పెన్‌గంగ నది పేరుతో పెన్‌గంగ శిలా సముదాయంగా వ్యవహరిస్తారు. ఈ రాయిని నమ్ముకొనే 1982లో దేవాపూర్‌లో సిమెంటు ఉత్పత్తి ఆరంభమైంది. ఆ గ్రామం నేడు మంచిర్యాల జిల్లాలో ఉంది. ఆదిలాబాద్ పట్టణంలో సిమెంటు కార్పొరేషన్ నెలకొల్పిన కర్మాగారం 1980లలో పనిచేయడం ప్రారంభించి, 1990లలో మూతపడింది. కర్మాగారానికి ముడిసరుకైన రాయే భూగర్భజలంలో కరిగి, ప్రతి ఇంటి కుళాయికీ చేరుతున్నది.

నేలకూ నీటికీ గల ఈ సంబంధాన్ని మన పూర్వులు గుర్తించారు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయంలో భూగర్భజలాన్ని గురించి చర్చించాడు. వాననీటికి సహజంగా ఉండే రంగు, రుచి ఒక్కటేననీ, నేల భేదాన్ని బట్టి అది పలు రంగులను, రుచులను పొందుతుందనీ ఆయన అభిప్రాయం. ఆధునిక రసాయన శాస్త్రం ఆ మార్పు ఎట్లా జరుగుతుందో వివరించింది.

వాననీరు గాలిలోనూ, మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకొని స్వల్పంగా ఆమ్లత్వం పొందుతుంది. ఆ నీరు సున్నపురాయిని కరగించగా కాల్షియం బైకార్బొనేటు ఏర్పడుతుంది. కొన్నిచోట్ల మెగ్నీషియం లవణాలు కూడ చేరుతాయి. ఇట్టి నీటినే కఠినజలం అంటారు. నీటిని కాచినప్పుడు కార్బన్ డయాక్సైడు వెలుపలికి పోయి, కరిగి ఉన్న సున్నం మళ్లీ రాయిగా మారి పాత్ర గోడలను పట్టుకొంటుంది. కాచినంతనే తొలగే ఈ గుణం తాత్కాలిక కాఠిన్యం. సల్ఫేట్లు, క్లోరైడ్ల వలన కలిగి, కాచినా తొలగనిది శాశ్వత కాఠిన్యం.

2012లో సవరించిన భారతీయ తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరొక నీటి ఆధారం లేనప్పుడు 600 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ఒక ఇంటిలో 400 మిల్లీగ్రాముల తాత్కాలిక కాఠిన్యం గల నీటిని రోజుకు 50 లీటర్లు కాస్తారనుకొందాం. రోజుకు 20 గ్రాముల చొప్పున 100 రోజుల చలికాలంలో 2 కిలోల సున్నపు పదార్థం ఆ గీజరు గుండా ప్రవహిస్తుంది. అందులో పదో వంతు నిలిచిపోయినా 200 గ్రాముల రాయి లోపల మిగులుతుంది.

ఈ పెచ్చు రాగితో పోలిస్తే వంద రెట్లకు పైగా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. కడ్డీలో పుట్టిన వేడి నీటికి చేరక కడ్డీలోనే నిలిచిపోతుంది. నీరు ఆలస్యంగా కాగుతుంది, విద్యుత్తు ఖర్చు పెరుగుతుంది, చివరకు కడ్డీ పగులుతుంది. బకెట్టులో ముంచి వాడే హీటరు కడ్డీ పైతొడుగు ఇట్లా చిల్లిపడితే విద్యుదాఘాతం కలుగుతుంది. గీజరులోని అధిక పీడనాన్ని విడుదల చేసే కవాటం పెచ్చుతో మూసుకొనిపోతే ప్రాణాపాయమే సంభవించవచ్చు. కాబట్టి దీనిని కేవలం వస్తువు పాడయ్యే సమస్యగా భావించరాదు.

బట్టలు ఉతికే యంత్రంలో సబ్బు నురుగక, తెల్లని మడ్డిగా మారి వస్త్రాలకు పట్టుకొంటుంది. అందుకే కఠినజలానికి సబ్బు ఎక్కువ కావాలి. కుంకుడుకాయ నురుగుకు ఈ ఇబ్బంది లేదు. అది సున్నంతో కలిసి మడ్డి కట్టదు. కందిపప్పు త్వరగా ఉడకకపోవడం కఠినజలానికి వంటింటి పరీక్ష. పప్పులోని పెక్టిన్‌ను కాల్షియం గట్టిపరచడమే దీనికి కారణం. అందుకే పప్పుకు ఒక బావి నీరు, గిన్నెలకు మరొక బావి నీరు వాడుకొన్న గృహిణుల అలవాటు కేవలం ఆచారం కాదు, అనుభవజ్ఞానం.

అయితే కఠినజలాన్ని విషంగా భావించడం పొరపాటు. కాల్షియం, మెగ్నీషియం శరీరానికి అవసరమైన ఖనిజాలే. కొన్ని గ్రామాల నీటిలో కనిపించే ఫ్లోరైడు దోషం వేరు. అది ఎముకలను, పళ్లను దెబ్బతీస్తుంది. కాచితే తాత్కాలిక కాఠిన్యం పోతుంది కాని ఫ్లోరైడు పోదు. ఈ భేదం తెలియకపోతే హాని లేనిదానికి భయపడి, హాని చేసేదాన్ని విస్మరిస్తాం.

నివారణ మార్గాలు కొన్ని ఉన్నాయి. 1841లో థామస్ క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు నీటికి తగిన మోతాదులో సున్నం కలిపి, అందులోని సున్నాన్నే అడుగుకు దించే పద్ధతికి పేటెంటు పొందాడు. ముల్లును ముల్లుతోనే తీయడమంటే ఇదే. గీజరు వేడిని 50, 55 డిగ్రీల మధ్య నిలిపితే పెచ్చు తక్కువగా ఏర్పడుతుంది. హీటరు కడ్డీకి విద్యుత్తును తొలగించి, చల్లారిన పిదప, వేడిచేసే భాగాన్ని మాత్రమే నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో నానబెడితే బుడగలతో పెచ్చు కరిగిపోతుంది. ఆమ్లాన్ని బ్లీచింగ్ పొడితో ఎన్నడూ కలపరాదు, విషవాయువు వెలువడుతుంది. రివర్స్ ఆస్మోసిస్ యంత్రం మృదుజలాన్ని ఇస్తుంది కాని, చాలా ఇళ్లలో తాను ఇచ్చినదానికంటె ఎక్కువ నీటిని వృథాగా వదలుతుంది. ఆ నీటిని నేల కడగడానికైనా వాడుకోవాలి.

2016 ఆగస్టు 7న ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం జలాశయాల నీటిని శుద్ధిచేసి ఇళ్లకు చేర్చే మార్గాన్ని తెరిచింది. ఈ నీరు సాధారణంగా బోరు నీటికన్న మృదువైనది. అంతకంటె మృదువైనది మన ఇంటి పైకప్పు మీదనే కురుస్తున్నది. ఆదిలాబాద్‌లో ఏటా సగటున 1000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల కప్పుపై అది లక్ష లీటర్లు. అందులో సగం పట్టుకొన్నా 50 వేల లీటర్లు. అది సున్నపురాయిని ఇంకా తాకని నీరు. నేల గుణాన్ని మనం మార్చలేము. నేలను చేరకముందే నీటిని పట్టుకొనే అవకాశం మాత్రం మన చేతిలో ఉంది.

అర్థాలు
కాఠిన్యం : గట్టిదనం
రుగ్మత : జబ్బు
కవాటం : తలుపు, ఇక్కడ నీటిని, ఆవిరిని అదుపుచేసే మూత
విస్మరించు : మరచిపోవు
పిదప : తరువాత

వ్యాకరణాంశాలు
గృహోపకరణం : గృహ + ఉపకరణం – గుణసంధి
జలాశయం : జల + ఆశయం – సవర్ణదీర్ఘ సంధి
కఠినజలం : కఠినమైన జలం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ప్రశ్నలు
1. కఠినజలం గృహోపకరణాలకు కలిగించే నష్టాలను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి. (వ్యాసరూప)
2. కాఠిన్యానికీ ఫ్లోరైడు దోషానికీ గల భేదాన్ని తెలపండి. (సంగ్రహరూప)
3. వాననీటిని గురించి వరాహమిహిరుని అభిప్రాయం ఏమిటి? (ఏకవాక్య)