రాజోలు పెరళ్లలో నిమ్మ సీతాకోకచిలుక

వశిష్ఠ గోదావరి తీరాన ఉన్న రాజోలు ప్రాంతపు పెరళ్లలో పెంచే నిమ్మ, దబ్బ, కరివేపాకు, మారేడు మొక్కలన్నీ రూటేసీ కుటుంబానికి చెందినవే. పాపీలియో డెమోలియస్ అనే నిమ్మ సీతాకోకచిలుకకు ప్రధాన ఆహారం ఇవే. స్వాలోటెయిల్ కుటుంబానికి చెందినదైనా దీని రెక్కలకు తోక ఉండదు. దట్టమైన నీడకన్నా ఎండ తగిలే తోటలను ఇష్టపడుతుంది. 2004లో డొమినికన్ రిపబ్లిక్‌లో కనిపించి, అక్కడి నిమ్మజాతి తోటలకు కొత్త సమస్య అయింది.

తల్లి పురుగు లేత ఆకులపై గుడ్లను విడివిడిగా పెడుతుంది. తొలి దశలో గొంగళి పురుగు పక్షి రెట్టను పోలి ఉంటుంది. పక్షులే కాదు, రైతు కూడా పొరబడతాడు. ఎదిగాక ఆకుపచ్చగా మారి, ఆకును ఈనె వరకు తినివేస్తుంది. తాకితే తల వెనుక నుండి రెండుగా చీలిన గ్రంథిని వెలికి చాచి ఘాటైన వాసన వెదజల్లుతుంది.

నష్టం ఎక్కువగా నారుమడిలోనూ, లేత మొక్కలలోనూ కనిపిస్తుంది. ఎదిగిన చెట్టు కొత్త చిగురుతో కోలుకొంటుంది. కనుక మందు సిఫారసు చేసే ముందు విస్తరణ శాస్త్రవేత్త మొక్క వయస్సును గమనించాలి. కొద్దిపాటి మొక్కలున్నచోట గొంగళ్లను చేతితో ఏరివేస్తే చాలు. గుడ్లను ఆశించే ట్రైకోగ్రామా వంటి పరాన్నజీవులను విషపు మందులు బతకనివ్వవు. పైగా కరివేపాకును కోసిన రోజే పోపులో వేస్తారు. అటువంటి పెరటి మొక్కకు రసాయనిక పిచికారీ సూచించడం సమర్థనీయం కాదు.