అరగంట ప్రయాణానికే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్

చిరంజీవి కార్తీక్‌కు,

నీకు ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చిందని అక్క చెప్పగానే చాలా సంతోషించాను. ఆ తర్వాత నువ్వు పంపిన మెసేజ్ చూసి ఈ ఉత్తరం రాయక తప్పలేదు. "ఆరెంజ్ కౌంటీ నుంచి వాన్ నైస్ దాకా అరగంట తిరిగేవాడికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ దేనికి మామయ్యా, అది దూరాలు వెళ్లేవాళ్లకు కదా" అన్నావు. నేను సరిగ్గా దీనికి ఎదురు చెబుతాను. బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాలు చూసి ఎగిరే ఆ అర్హత లాస్ ఏంజిలస్ మీద అరగంట ఎగిరేవాడికే ఎక్కువ అవసరం.

లెక్క చూడు. ఆరెంజ్ కౌంటీలోని నీ జాన్ వేన్ ఎయిర్‌పోర్టు నుంచి వాన్ నైస్‌కు తిన్నగా సుమారు 45 నాటికల్ మైళ్లు. నీ సెస్నా 172లో 110 నాట్ల వేగంతో పాతిక నిమిషాలు. కానీ వాన్ నైస్‌లో ఐఎల్ఎస్, అంటే పరికరాల సాయంతో రన్‌వేకు దిగే దారి, ఉత్తరం వైపు నుంచి వస్తుంది. దక్షిణం నుంచి వచ్చే నువ్వు ఎయిర్‌పోర్టును దాటిపోయి, కొండల దగ్గర వెనక్కి తిరిగి దిగాలి. ఆ కాస్త సేపట్లోనే ఎత్తులు మారతాయి, ఇక్కడి ఆకాశాన్ని చూసే సోకాల్ అప్రోచ్‌లో ఒక కంట్రోలర్ ఇంకొకరికి అప్పగిస్తూ పోతుంటాడు, వాన్ నైస్ వాతావరణం వినాలి, దిగే దారి గీసిన అప్రోచ్ ప్లేటు చదువుకోవాలి. ఫీనిక్స్ వెళ్లేవాడికి మధ్యలో ఇవన్నీ చేసుకునే తీరిక ఉంటుంది. నీకు ఉండదు. అందుకే చిన్న ప్రయాణంలో పని ఇంజను ఆన్ చేయకముందే అయిపోవాలి.

దానికి దక్షిణ కాలిఫోర్నియాలో మంచి ఏర్పాటు ఉంది. టవర్ ఎన్‌రూట్ అంటారు. ఏ ఎయిర్‌పోర్టు నుంచి ఏ ఎయిర్‌పోర్టుకు ఏ దారిన, ఎంత ఎత్తున పంపుతారో ముందే చార్ట్ సప్లిమెంట్ అనే పుస్తకంలో అచ్చేస్తారు. ఫ్లైట్ ప్లాన్ వేయకుండానే రేడియోలో ఆ క్లియరెన్స్ అడగొచ్చు. విమానం వేగాన్ని బట్టి ఎత్తు మారుతుంది. 189 నాట్లు, అంతకు తక్కువ వేగమున్న విమానాలకు క్యూ అనే అక్షరం చూసుకోవాలి. ముందురోజు రాత్రే నీ దారి తీసి కాగితం మీద రాసుకో. ఎక్కడిదాకా, ఏ దారిన, ఎంత ఎత్తు, తర్వాతి ఫ్రీక్వెన్సీ ఏది, ట్రాన్స్‌పాండర్ కోడ్ ఏది అని ఐదు వరసలు పెట్టు. కంట్రోలర్ గబగబా చదువుతుంటే నువ్వు రాసుకున్నదానికి తేడా ఎక్కడుందో విను, చాలు.

ఎండ కాసే రోజుల్లో ఎల్ఏఎక్స్ నెత్తి మీదుగానే ఒక దారి ఉందని నీకు తెలుసు. ఆగ్నేయానికి 3,500 అడుగులు, వాయవ్యానికి 4,500, కోడ్ 1201, ఎవరినీ అడగక్కర్లేదు. ఆ దారి కళ్లతో చూసి ఎగిరేవాళ్లకు మాత్రమే. మే, జూన్ నెలల్లో పొద్దున్నే సముద్రం మీంచి మబ్బు పొర వచ్చి ఊరంతా కప్పేస్తుంది. పైన చక్కటి ఎండ, మధ్యలో వెయ్యి అడుగుల మబ్బు, కింద నువ్వు తాళాలు పట్టుకుని కూర్చుంటావు. రేటింగ్ ఉంటే క్లియరెన్స్ తీసుకుని పొర దాటి పైకి వస్తావు. లేనివాడికి 'కింద నుంచి దూరిపోదాం' అన్న ఆశ పుడుతుంది. నాకు భయమంతా ఆ ఆశ గురించే.

2020 జనవరి 26న కోబీ బ్రయంట్ హెలికాప్టర్ బయల్దేరింది నీ జాన్ వేన్ నుంచే. కామరిల్లోకు వెళ్లాలి. చిన్న ప్రయాణమే. బర్బాంక్ దగ్గర అనుమతి కోసం చక్కర్లు కొట్టి, కలబసాస్ దగ్గర మబ్బులో పడ్డారు. 4,000 అడుగులకు ఎక్కుతున్నానని పైలట్ కంట్రోలర్‌తో చెప్పాడు. ఆ సమయానికి హెలికాప్టర్ ఎడమకు తిరుగుతూ దిగిపోతోంది. తొమ్మిది మంది పోయారు. ఆ పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉంది. అయినా కంటితో చూసి ఎగిరే నిబంధనల కింద వెళ్తూ మబ్బులోకి చొచ్చుకుపోవడమే కారణమని దర్యాప్తు తేల్చింది. మబ్బులో బయటేమీ కనిపించక మెల్లగా మలుపు తిరుగుతుంటే కాసేపటికి చెవిలోని ద్రవం కదలిక ఆగిపోయి, తిన్నగా వెళ్తున్నామనే అనిపిస్తుంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందితో బయటేమీ కనిపించకుండా విమానం నడిపించి చూస్తే అందరూ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో. తెలివితేటలకు దీనితో సంబంధం లేదు నాయనా, సాధన ఒక్కటే ఆదుకుంటుంది.

కాబట్టి రేటింగ్‌కు కావాల్సిన 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సాధన ఎలా గడుపుతావన్నది ముఖ్యం. ఎడారిలో ఖాళీ ఆకాశం కింద బయట కనిపించకుండా కళ్లకు హుడ్ పెట్టుకుని అన్నీ పూర్తిచేయిస్తామనే చోట చేరకు. 15 గంటలు శిక్షకుడితో తప్పనిసరి; వాటిలో వీలైనన్ని లాస్ ఏంజిలస్ రద్దీలోనే, వీలైతే నిజమైన మబ్బులో చెయ్యి. ఈ సముద్రపు పొరలో సాధారణంగా మంచు పట్టదు, ఉరుములుండవు, నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి మబ్బు దొరకదు. ఇంకో సంగతి: నువ్వు కూడబెట్టాల్సిన 50 గంటల క్రాస్‌కంట్రీ లెక్కలోకి వాన్ నైస్ ప్రయాణం రాదు. తిన్నగా 50 నాటికల్ మైళ్లు దాటితేనే లెక్క.

ప్రత్యామ్నాయ ఎయిర్‌పోర్టు ఎంచుకునేటప్పుడు పక్క ఊరు రాయకు. సముద్రతీరమంతా ఒకే పొర కింద ఉంటుంది. ఒకటి మూసుకుంటే మిగతావీ మూసుకుంటాయి. కొండల అవతల లాంకాస్టర్‌లోని ఫాక్స్ ఫీల్డ్ లాంటిది చూడు. అక్కడిదాకా, ఆపైన 45 నిమిషాలకు సరిపడా పెట్రోలు పోయించు. అరగంట ప్రయాణానికి ఇంతెందుకని అనిపించినా సరే.

రేడియో గురించి ఒక మాట. పెద్దవాళ్లు చెప్తే సరేనని తలూపే ఇంట్లో పెరిగాం మనం. కంట్రోలర్ గొంతులో తొందర వినిపిస్తే చేతకాని పనికి కూడా సరేనంటాం. అలా వద్దు. నావల్ల కాదని 'అనేబుల్' అను, మళ్లీ చెప్పమని 'సే అగైన్' అను. సిద్ధంగా లేకపోతే దిశలు చెప్పమని వెక్టర్లు అడుగు, ఒకచోట చక్కర్లు కొడుతూ ఆగేందుకు హోల్డ్ అడుగు. వాళ్లు ఇస్తారు, అది నీ హక్కు. విమానానికి బాధ్యుడివి నువ్వే.

రేటింగ్ వచ్చాక ఆరు నెలల్లో ఆరు అప్రోచ్‌లు, హోల్డింగ్ చేస్తే చట్టం ఒప్పుకుంటుంది. ఈ ఊరి మీద అది చాలదని నా అభిప్రాయం. నెలకొకసారైనా శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకో.

రాత పరీక్ష ఏప్రిల్‌లోపు పూర్తిచేసెయ్యి, మే నెల మబ్బుల్లో శిక్షణకు సిద్ధంగా ఉంటావు. శిక్షకుణ్ణి మాట్లాడుకునే ముందు నాకు ఒకసారి ఫోన్ చెయ్యి. అప్పటిదాకా మబ్బు ఉన్న రోజున కారులోనే వెళ్లు.

ఇట్లు,
మీ మామయ్య