గ్రామమున ఆశా కార్యకర్త చేయు పని

పైరునకు తెగులు సోకినపుడు మొదటి ఆకు ముడుచుకొన్ననాడే కనిపెట్టిన కర్షకునకు పంట దక్కును. చేనంతయు మాడిన పిదప మందు తెచ్చినను ఫలము లేదు. ఇంటిలోని మనుష్యుల విషయమున మాత్రము మనమీ జాగ్రత్త చూపుట అరుదు. రోగము ముదిరినపిమ్మటనే జగిత్యాలకో, కరీంనగరమునకో పరుగెత్తుదుము. ఆ మొదటి గుర్తును ఊరిలోనే కనిపెట్టుటకు ఏర్పడినవారు ఆశా కార్యకర్తలు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆరంభమైనపుడు ఈ యేర్పాటు వచ్చినది. సుమారు వేయిమంది జనమునకు ఒక్కరు చొప్పున, ఆ గ్రామమునందే నివసించు స్త్రీని ఎన్నుకొని శిక్షణ నిత్తురు. ఆమె వైద్యురాలు కాదు, నర్సు కాదు. ఎవరి కోడలు గర్భవతియో, ఎవరి తండ్రి రెండు వారములుగా దగ్గుచున్నాడో ఎరిగిన మన యింటి ఆడపడుచువంటిది. ఆ యెరుకయే ఆమె పనికి మూలధనము.

చదువు తక్కువగల స్త్రీ వైద్యవిషయమున ఏమి చేయగలదని కొందరు పెదవి విరుతురు. వారికి ప్రాణహితకు ఆవలి యొడ్డుననే సమాధానమున్నది. గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు 1986లో సెర్చ్ అను సంస్థను నెలకొల్పి, పల్లె స్త్రీలకు పసికందుల సంరక్షణ నేర్పిరి. ఆ స్త్రీలు ఇంటింటికి పోయి బిడ్డలను తూచి, శ్వాస లెక్కించి, అవసరమైనచో మందు నిచ్చిరి. తత్ఫలితముగా ఆ గ్రామములలో నెలలోపు శిశుమరణములు నూటికి 62 వంతులు తగ్గినట్లు 1999లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు ప్రకటితమైనది. దేశమంతట ఆశాలు బాలింతల యిండ్లకు పోవు పద్ధతికి ఈ ప్రయోగమే దారి చూపినది.

ఆ పద్ధతి ఎట్టిదనిన, ఆసుపత్రిలో కాన్పయినచో 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఆశా ఇంటికి వచ్చును. ఇంటనే కాన్పయినచో మొదటి దినమున సైతము రావలెను. బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువ తూగినను, పాలు త్రాగుట మానినను, ఒడలు చల్లబడినను, నిమిషమునకు 60 పర్యాయములు లేక అంతకు మించి శ్వాస తీసినను ఆమె ఉపేక్షింపదు. పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టించుమని, తేనె, చక్కెరనీళ్లు నాకింపవలదని ఆమె చెప్పునపుడు మన ముసలమ్మలు కోపగింతురు. అట్టి తరుణమున ఇంటి యజమాని ఆశా పక్షమున ఒక్క మాట పలికినచో చాలును.

ఇచట సభ్యులకు కొంత కఠినముగా చెప్పవలసియున్నది. నాట్ల దినములలో గర్భిణియగు కూలిస్త్రీ పరీక్షకు పోవలెనన్న ఒకనాటి కూలి పోవును. ఆమె మానివేసినపుడు ఆశా ఎంత చెప్పినను వ్యర్థమే. పూటకూలి కోయకుండ పంపుట మన చేతిలోని పని. పొలమున పని చేయు బిడ్డతల్లికి మధ్యాహ్నము పాలిచ్చుటకు తీరిక నిచ్చుటయు అట్టిదే. విరేచనముల కాలమున ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆశాయొద్ద దొరకును. పొట్లమునంతటిని ఒక లీటరు మంచినీటిలో కలిపి, ఆ దినమే వాడవలెను. సగము పొట్లము, గ్లాసెడు నీళ్లు అను అంచనా పనికిరాదు. పిల్లలకు జింకు మాత్రలు 14 దినములు, విరేచనములు కట్టినను, ఇయ్యవలెను.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన విషయ మొకటి కలదు. కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధిని 40 దినములు సేవించినచో చిత్తచాంచల్యము తొలగునను విశ్వాసము చిరకాలముగా నున్నది. ఆ మ్రొక్కును వలదనుట మా యుద్దేశము కాదు. గట్టు నీడలో పుట్టి పెరిగినవార మెట్లు అనగలము? కాని మ్రొక్కుబడి దినములలో మాత్రలు నిలిపివేయుటయే ప్రమాదము. మూర్ఛరోగి మందు హఠాత్తుగా మానినచో మూర్ఛలు మరల తీవ్రముగా రావచ్చును. మతిచలించినవారికిని వ్యాధి తిరుగబెట్టును. దర్శనము చేయించుడు, మాత్రయు మ్రింగించుడు. ఇంటిలో అట్టివారున్నపుడు సిగ్గుపడి దాచక ఆశాకు తెలుపవలెను. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

2022లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలను సత్కరించినది. అయినను వారు స్థిరమైన జీతముగల సర్కారు ఉద్యోగులుగా నియమితులైనవారు కారు. పారితోషికమే వారికి ఆధారము. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన యింటినుండి పిలుపు వచ్చినపుడు 108కి ఫోను చేసి, గర్భిణి వెంట ఆసుపత్రికి బయలుదేరునది ఆమెయే. తెల్లవారిన తరువాత ఆమె తిరిగి వచ్చుటకు బస్సు ఖర్చు ఎవరిచ్చిరని మనము అడిగిన దినములు తక్కువ. రాబోవు సర్వసభ్య సమావేశమున మన యూరి ఆశాను పిలిచి, ఆమెకు కావలసిన దేమో ఆమె నోటనే విని, తూనికయంత్రము, మందులపెట్టె ఉంచుకొనుటకు సంఘ కార్యాలయమున ఒక బీరువా యిచ్చు ప్రతిపాదనను సభ్యులు ఆలోచింపవలెనని కోరుచున్నాము.